సెప్టెంబరు పరీక్ష

బెజాన్సోన్,
14 అక్టోబరు 1995

ప్రియమైన మార్సియల్,

చేరాను. గది ఉంది, మంచం ఉంది, కిటికీ ఉంది. కిటికీలోంచి కార్లు నిలిపే స్థలం కనిపిస్తుంది. హాస్టలు మొత్తానికి నడవా చివర ఒక్కటే ఫోను, దాని ముందు ఎప్పుడు చూసినా ఆరేడుగురు పిల్లలు నిలబడి ఉంటారు. అయినా ఫోనులో నువ్వు "ఊఁ", "ఆఁ" తప్ప ఏం మాట్లాడతావు గనక. అందుకే ఉత్తరాలు రాసుకుందాం. కాగితం మీదైతే "ఊఁ" అని ఊరుకోలేవు.

మొదటి రోజు సంగతి వింటే నవ్వుతావు. ఫిజిక్సు మొదటి సంవత్సరం వాళ్లకి మూడు వందల మంది పట్టే మెట్ల హాలు ఇచ్చారు. నేను తలుపు తీసి అడుగు పెట్టగానే హాలంతా గప్‌చుప్. అందరూ పెన్నులు తీశారు. పాఠం చెప్పే మేడమ్ నేనే అనుకున్నారు పాపం. నేను నల్లబల్ల దాటుకుని మెట్లెక్కి పదో వరుసలో కూర్చునేసరికి వెనక నుంచి ఎవడో "అమ్మమ్మ కూడా మనతోనేరా" అన్నాడు. హాలు ఘొల్లుమంది. పిల్లలు లేకుండానే, నలభై మూడేళ్లకే అమ్మమ్మనైపోయాను.

నాకు అటు రెండు సీట్లు, ఇటు రెండు సీట్లు ఖాళీ. వారం నుంచీ అంతే. పాఠం చెప్పే ఆయన మా వైపు వీపు పెట్టి రాసుకుంటూ పోతాడు. ఇక్కడ హాజరు పిలవరు. డెయిరీలో నేను మేడ మీంచి కాస్త ఆలస్యంగా కిందికి దిగితే ఊరంతా తెలిసేది. ఇక్కడ నేను చచ్చిపోయినా గది అద్దె బాకీ పడేదాకా ఎవరికీ తెలియదు.

నక్షత్రాల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఏటవాలు బల్ల మీద జారే చెక్కముక్కతో మొదలుపెట్టారు. ఖగోళం రెండో సగంలోనట. నువ్వు బల్ల దగ్గర కూర్చుని "ఆకాశం చూడ్డానికి యూనివర్సిటీ ఎందుకే, తల పైకెత్తితే చాలదా" అన్నావు చూడు, ఆ మాట రోజూ గుర్తొస్తోంది. ఇరవై ఏళ్లు పొద్దు పొడవకముందే పాల బండికి ఎదురెళ్లి తల పైకెత్తాను. చూడ్డం అయింది. ఇప్పుడు తెలుసుకోవాలి.

మన ఒప్పందం నేను మరచిపోలేదు. ఈ ఏడాది గట్టెక్కితే చదువు సాగిస్తాను. తప్పితే ఇంటికొచ్చి మళ్లీ ఏప్రన్ కట్టుకుంటాను, ఇక జన్మలో నోరెత్తను. బడి మానేసిన పాతికేళ్లకి ప్రవేశ పరీక్ష రాసి గెలిచినదాన్ని, అంత తేలిగ్గా ఓడిపోనులే.

వేళకి తిను.

నీ
ఒడిల్

—

డెయిరీ నుంచి,
29 అక్టోబరు

ప్రియమైన ఒడిల్,

నేను చివరిసారి ఉత్తరం రాసింది సైన్యంలో ఉండగా మా అమ్మకి. సాక్సులు పంపమని. కాబట్టి తప్పులుంటే సర్దుకో.

పాలు రోజూ రెండు పూటలా వస్తున్నాయి. ఆవులకి ఆదివారం లేదు, మనకీ లేదు. పాలు కాచే కాగు దగ్గర పని నాదే కాబట్టి ఇబ్బంది లేదు. నేలమాళిగలో చీజ్ చక్రాలు తిప్పడం, ఉప్పు పట్టించడం, తుడవడం నీవి. అవి ఇప్పుడు భోజనం చేసి చేస్తున్నాను. ఒక్కో చక్రం నలభై కిలోలు. నువ్వు ఇన్నేళ్లూ కిక్కురుమనకుండా ఎలా తిప్పావో తెలియదు. కిక్కురుమన్నావేమో, నేనే వినలేదేమో.

పాల రైతుల సంఘం ప్రెసిడెంటు మొన్యే వచ్చాడు. "మార్సియల్, సంఘం జీతం ఇచ్చేది ఒకరికే గానీ పనిలోకి తీసుకున్నది ఇద్దర్నయ్యా. మీ ఆవిడ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. నక్షత్రాలు లెక్కపెట్టడం అయిపోగానే అన్నాను. అతను నవ్వలేదు.

ఒప్పందం నాకూ గుర్తుంది. నువ్వు తప్పాలని నేను కోరుకోవడం లేదు. గెలవాలని కోరుకుందామంటే అదీ చేతకావడం లేదు. ఉన్నమాట రాస్తున్నాను.

మేడ మీద చలిగా ఉంది. పొయ్యి ఒక్కడి కోసం ఎందుకని వెలిగించడం లేదు.

మార్సియల్

—

బెజాన్సోన్,
22 నవంబరు

ప్రియమైన మార్సియల్,

ముందు పొయ్యి వెలిగించు. ఒక్కడికీ చలేస్తుంది.

హాలు ఖాళీ అవుతోంది. మొదట్లో మెట్ల మీద కూడా కూర్చునేవారు, ఇప్పుడు వెనక వరుసలన్నీ బోసిగా ఉన్నాయి. వెళ్లేవాళ్లు ఎవరితోనూ చెప్పరు. ఒక సోమవారం కనిపించరు, అంతే. నన్ను అమ్మమ్మ అన్నవాడు కూడా పోయాడు. నిజం చెప్పొద్దూ, వాడి కోసం కూడా వెతికాను.

ల్యాబులో ఇద్దరిద్దరు కలిసి చేయాలి. అందరూ జతలు కట్టేసుకోగా మిగిలింది నేనూ, ఆలస్యంగా వచ్చిన నదేజ్ అనే పిల్లా. జుట్టుకి ఎర్ర రంగు. నేను శ్రద్ధగా తీగలు కలుపుతుంటే గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

"చెయ్యి వెయ్యమ్మా" అన్నాను.

"మేడమ్, కోప్పడకండి. నేను చదవడానికి రాలేదండీ, సంతకానికొచ్చాను" అంది.

యూనివర్సిటీలో పేరుంటే ప్రభుత్వం స్కాలర్‌షిప్పు ఇస్తుంది. ల్యాబులో సంతకం, పరీక్షలో సంతకం ఉంటే చాలు, మార్కులు అడగరు. మిగతా వేళల్లో చెప్పుల కొట్టులో పని చేస్తుందట. ఇలాంటివాళ్లు మా హాలులో చాలామందే ఉన్నారని తెలిసింది. "మరి ఫిజిక్సే ఎందుకు తీసుకున్నావే?" అంటే, "ఇక్కడ సీట్లు ఎప్పుడూ ఖాళీయేనండీ" అంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కానీ మార్సియల్, నాతో మాట్లాడేది ఆ పిల్ల ఒక్కతే. మంగళవారం ల్యాబు కోసం ఎదురుచూస్తున్నాను.

పోయిన ఆదివారం ఒక్క మనిషితో కూడా మాట్లాడలేదు. రొట్టెల కొట్లో "ఒకటివ్వండి" అన్నది లెక్కలోకి వస్తే అదొక్కటే. సాయంత్రం నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి గట్టిగా ఒక లెక్క చదివాను.

రైళ్లవాళ్లు సమ్మె అంటున్నారు, బస్సులూ ఆగిపోతాయట. పోస్టు కూడా కష్టమేనట. ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకు.

నీ
ఒడిల్

—

డెయిరీ నుంచి,
17 డిసెంబరు

ప్రియమైన ఒడిల్,

నీ నవంబరు ఉత్తరం నిన్న అందింది. సమ్మె దెబ్బకి ఎక్కడ పడి ఉందో. ఇన్నాళ్లూ నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఫోను చేద్దామని రెండుసార్లు అంకెలు నొక్కి పెట్టేశాను. ఎవరో పిల్ల ఎత్తి "ఎవరు?" అంటే ఏం చెప్పాలి?

మంచు మోకాళ్ల దాకా ఉంది. పాలు మాత్రం రావడం ఆగలేదు.

పరీక్ష నీకొక్కదానికే కాదు. మన కోంతే చీజ్‌కీ ఇరవైకే కదా మార్కులు. మొన్న మాళిగలోంచి కొన్ని చక్రాలు పట్టుకెళ్లి రుచి చూశారు. చాలావాటికి పన్నెండు రాలేదు. ఉప్పు సరిగా పట్టలేదన్నారు. వాటి మీద కోంతే అనే పట్టీ వేయకుండా కరిగించే చీజ్‌కి పంపేశారు. ఇరవై ఏళ్లలో నా చక్రాలు కరిగించడానికి పోవడం ఇదే మొదలు. మొన్యే నాతో ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

నువ్వు దీని గురించి దిగులు పెట్టుకోకు. రాయకుండా ఉండాల్సింది, కానీ ఎవరితోనైనా అనాలిగా.

క్రిస్మస్‌కి రావాలనుంటే రా. చదువుంటే చదువుకో.

మార్సియల్

—

బెజాన్సోన్,
10 ఫిబ్రవరి 1996

ప్రియమైన మార్సియల్,

క్రిస్మస్‌కి వచ్చిన రెండు రోజులూ నువ్వు కుర్చీలోనే నిద్రపోయావు. నేను నీ బూట్లు విప్పాను, నీకు మెలకువ కూడా రాలేదు. మాళిగలోకి దిగి చేతనైనన్ని చక్రాలకి ఉప్పు పట్టించాను. ఇంకో రోజు ఉండమంటావేమోనని బస్సు దగ్గర నీ మొహం చూశాను. నువ్వు "జాగ్రత్త" అన్నావు.

జనవరి పరీక్షలు అయ్యాయి. మొదటి గంట అయ్యేదాకా ఎవరూ బయటికి పోకూడదు. గంట అయిందో లేదో, హాలులో సగం మంది లేచారు. పేరు, సంతకం తప్ప ఏమీ రాయని తెల్ల కాగితాలు వరుసగా ఇచ్చేసి వెళ్లిపోయారు. నదేజ్ వెళుతూ నా భుజం మీద చెయ్యి వేసి "మీరు రాయండి మేడమ్" అంది. మళ్లీ కనిపించలేదు. రెండు నెలలు పక్కన కూర్చున్న మనిషికి ఇంతకన్నా వీడ్కోలు ఉండదు కాబోలు.

మార్కులు చెప్తాను, తిట్టకు. యాంత్రికశాస్త్రంలో పదమూడు, గణితంలో పదకొండు, ల్యాబులో పదిహేను. విద్యుత్తులో నాలుగు. ఆ విద్యుత్తు నా బుర్రకి ఎక్కడం లేదు, ఎంత తన్నుకున్నా సరే.

కానీ ఖగోళం మొదలైంది. చెప్పే ఆయన లావుపాటి మనిషి, కోటు గుండీలు ఎప్పుడూ తప్పుగా పెట్టుకుంటాడు. మొదటి రోజే "నక్షత్రాల కోసం ఈ చదువుకి వచ్చినవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. నేనొక్కదాన్నే ఎత్తాను. "మీలాంటివాళ్లు మామూలుగా క్రిస్మస్‌కే మానేస్తారు మేడమ్, లెక్కలు చూసి" అన్నాడు. "నాకు మానేసే అలవాటు లేదండీ" అన్నాను. అందరూ నవ్వారు, ఈసారి నన్ను చూసి కాదు.

మొన్న ల్యాబులో వెలుగుని విడదీసి చూపించే గొట్టం ఇచ్చారు. మంటలో చిటికెడు ఉప్పు వేసి గొట్టంలోంచి చూస్తే చీకట్లో రెండు పసుపు గీతలు, పక్కపక్కనే. అది ఉప్పులో ఉండే సోడియమట. తర్వాత గొట్టాన్ని ఎండ వైపు తిప్పమన్నారు. ఎండలోని రంగుల పట్టీ మీద సరిగ్గా అదే చోట రెండు నల్ల గీతలు. సూర్యుడిలోనూ అదే సోడియం ఉందన్నమాట. మార్సియల్, మన మాళిగలో నేను ఇరవై ఏళ్లు అరచేతులతో రుద్దిన ఉప్పులోదే. నాకు ఏడుపొచ్చింది. ఎవరికైనా చెబుదామని పక్కకి తిరిగితే పక్కన కుర్చీ ఖాళీ. అందుకని నీకు రాస్తున్నాను.

నీ
ఒడిల్

—

8 ఏప్రిల్

ప్రియమైన ఒడిల్,

నీ ఉత్తరాలు బాగానే అందుతున్నాయి. జవాబు ఆలస్యమైంది, పని.

ఉప్పు సంగతి మా వాళ్లకి చెప్పాను. "సూర్యుడిలో కూడా ఉప్పుందంటే మరి మనకి ఇంత ధర ఎందుకు పెడుతున్నారు?" అన్నాడొకడు. నాకు మాత్రం బాగుంది ఆ మాట. ఉప్పు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా గుర్తొస్తోంది.

ఇకమీదట డెయిరీకి రాయకు. ఉత్తరాలు పాలవాళ్ల చేతులన్నీ తిరిగి తడిసి వస్తున్నాయి. ఊరివాళ్లకి మన సంగతులెందుకు? పొంతార్లియేలో మా అక్క లిలియాన్ ఇంటికి రాయి. సంతకి వెళ్లినప్పుడు తీసుకుంటాను.

ఈస్టరు సెలవులకి రాకు. రోడ్డు పని జరుగుతోంది, బస్సు చుట్టు తిరిగి వస్తోంది, సగం రోజు పోతుంది. విద్యుత్తు చదువుకో.

ఇక్కడ అంతా మామూలే. నేను బాగున్నాను. పొయ్యి వెలిగిస్తున్నాను.

మార్సియల్

—

బెజాన్సోన్,
27 జూన్

ప్రియమైన మార్సియల్,

గట్టెక్కాను!

పొద్దున జాబితా అంటించారు. నా పేరు మూడుసార్లు చదివాను. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. పక్కన ఒక కుర్రాడు తన పేరు వెతుక్కుంటున్నాడు. "బాబూ, నేను పాసయ్యాను" అన్నాను. "బ్రావో మేడమ్" అని మళ్లీ జాబితాలోకి పోయాడు. పాపం వాడి పేరు లేదు. హాస్టలు కాపలాదారుకీ చెప్పాను. అతను బయటికొచ్చి చెయ్యి కలిపాడు.

సంవత్సరం మొత్తానికి ఇరవైకి పది పాయింటు రెండు. పది వస్తే చాలు. విద్యుత్తు మాత్రం చివరిదాకా నాలుగు దగ్గరే చచ్చింది. కానీ ఇక్కడి పద్ధతిలో ఒక సబ్జెక్టులో తగ్గినది మరో సబ్జెక్టులో ఎక్కువొచ్చిన మార్కులతో పూడుతుంది. ల్యాబూ ఖగోళమూ నన్ను లాక్కొచ్చాయి. ఖగోళంలో పదహారు, చూసుకో.

ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారు. అలా పూడిన మార్కు నాకొద్దు అనుకునేవాళ్లు దాని మీద సంతకం పెడితే ఆ ఒక్క సబ్జెక్టు సెప్టెంబరులో మళ్లీ రాయవచ్చు. కానీ సెప్టెంబరులో ఎంతొస్తే అదే ఖాయం. ఇంకా తగ్గితే ఏడాది మొత్తం పోయినట్టే. ఇంత పిచ్చి పని ఎవరు చేస్తారని అడిగితే, "ఏటా ఒకరిద్దరు ఉంటారండీ, పౌరుషం గలవాళ్లు" అంది ఆవిడ.

ఆరో తారీకు శనివారం బస్సుకి వస్తున్నాను. వేసవంతా అక్కడే. నువ్వు కుర్చీలో నిద్రపోతే ఈసారి బూట్లు విప్పను, నీళ్లు పోస్తాను.

నీ
ఒడిల్

—

1 జూలై

ప్రియమైన ఒడిల్,

అభినందనలు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. కోంతే చక్రానికి ఆకారం బాగుండి, పైచెక్కు బాగుండి, కోస్తే లోపల నునుపుగా ఉండి మార్కులన్నీ వచ్చినా, రుచికిచ్చే మార్కు మరీ తగ్గితే దాని మీద పట్టీ వేయరు. మిగతావి ఎన్నున్నా రుచిని పూడ్చవు. నీకు తెలిసిందే. ఇరవైకి నాలుగంటే ఏమిటి మరి? రేపు పై చదువులో ఆ విద్యుత్తే ఎదురొస్తే ఏం చేస్తావు? అరువు మార్కులతో గెలిచానని నీకే తర్వాత గుచ్చుకుంటుంది. నిన్ను నేనెరుగుదును.

ఆ కాగితం మీద సంతకం పెట్టు. సెప్టెంబరులో రాయి. ఇంటికొస్తే వేసవిలో చదువు సాగదు, పాలు రెట్టింపు వస్తాయి, నువ్వు చూస్తూ కూర్చోలేవు. అక్కడే ఉండి లైబ్రరీలో చదువుకో. నా గురించి ఆలోచించకు.

శనివారం రాకు.

మార్సియల్

—

బెజాన్సోన్,
22 జూలై

మార్సియల్,

నీ మాట ప్రకారమే కానీ. సంతకం పెట్టాను. పన్నెండు సెప్టెంబరు, గురువారం పరీక్ష.

హాస్టలులో అందరూ ఊళ్లకి పోయారు. మా నడవాలో నేనూ, ఎక్కడి నుంచో వచ్చిన ఇంకొకాయనా మిగిలాం. ఆయన తలుపు మూసిన చప్పుడైతే హమ్మయ్య ఉన్నాడు అనుకుంటాను. క్యాంటీను మూసేశారు. గదిలో గుడ్లు ఉడకబెట్టుకుంటున్నాను.

నీ సంగతులు ఏమీ రాయడం లేదు నువ్వు. పాలు ఎలా ఉన్నాయి? మాళిగలో ఉప్పు ఎవరు పట్టిస్తున్నారు? మేడ మీద మన గది కిటికీకి పరదా మార్చాలనుకున్నాం, మార్చావా? మొన్యే ఏమంటున్నాడు? ఒక్కొక్కదానికీ జవాబు రాయి. నాకు ఇల్లు కళ్ల ముందు కనిపించాలి.

ఒడిల్

—

4 ఆగస్టు

ప్రియమైన ఒడిల్,

నీ ఉత్తరం చిన్నగా ఉంది. కోపమొచ్చిందని తెలుసు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పాలు బాగున్నాయి, ఈ ఏడు గడ్డి మంచిది. ఉప్పు నేనే పట్టిస్తున్నాను, ఇప్పుడు చెయ్యి తిరిగింది. పరదా మార్చలేదు, నీ నీలం పరదాయే ఉంది. నువ్వొచ్చాక మారుద్దువుగాని. మొన్యే మామూలే, వానల గురించి ఏడుస్తాడు.

పొద్దున్నే లేచి కాగు దగ్గరికి దిగేముందు పైకి చూస్తున్నాను ఈ మధ్య. ఏదేమిటో తెలియదు. నువ్వుంటే చెప్పేదానివి.

బాగా చదువు.

మార్సియల్

—

బెజాన్సోన్,
25 ఆగస్టు

మార్సియల్,

నువ్వు రాసింది చదివాను. నీలం పరదా అలాగే ఉన్నందుకు సంతోషం.

ఇక్కడ వానలు. లైబ్రరీ కూడా పదిహేను రోజులు మూసేశారు. ఎదురు గది ఆయన వెళ్లిపోయాడు. నిన్న మధ్యాహ్నం చప్పుడు కోసం కుళాయి తిప్పి వదిలేశాను కాసేపు.

నాతో చెప్పాల్సింది ఏమైనా ఉంటే చెప్పు. పరీక్ష ఉంది కదా అని ఆగకు. నేను ఎంతటిదైనా వినగలను.

ఒడిల్

—

పొంతార్లియే,
7 సెప్టెంబరు

ప్రియమైన ఒడిల్,

ఇది పరీక్షకి ముందు రాయకూడదని లిలియాన్ అక్క గొడవ చేస్తోంది. కానీ పరీక్ష తప్పితే నువ్వు సామాను సర్దుకుని ఇంటికొస్తావు. నువ్వు బస్సు దిగే ఆ ఇల్లు ఇప్పుడు మనది కాదు.

మార్చి చివర్లో సంఘం నన్ను తీసేసింది. ఇద్దరు చేసే పని ఒకడు చేస్తే ఏమవుతుందో అదే అయింది. ఫిబ్రవరిలో ఇంకా చాలా చక్రాలు కరిగించడానికి పోయాయి. మొన్యే చెడ్డగా మాట్లాడలేదు. "మీ ఆవిడని రప్పించు మార్సియల్, ఆవిడొస్తే రేపట్నుంచి మళ్లీ మామూలే. లేకపోతే ఇంకో జంటని చూసుకుంటాం" అన్నాడు. వారం గడువిచ్చాడు. ఆ వారమంతా నీకు రాద్దామని కాగితం ముందు పెట్టుకున్నాను. నువ్వు ఉప్పు సంగతి రాసిన ఉత్తరం పక్కనే ఉంది. రాయలేకపోయాను.

అప్పట్నుంచి అక్క ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ అన్ని డెయిరీల చీజ్ నిలవ ఉంచే పెద్ద మాళిగలో చక్రాలు తుడిచే పని. అందరి చక్రాలూ తుడుస్తున్నాను, నావి తప్ప.

జూన్‌లో నువ్వు పాసయ్యానని రాసినప్పుడు సంతోషించాను. శనివారం వస్తానంటే హడలిపోయాను. ఇంకో రెండు నెలల్లో ఎక్కడైనా వేరే డెయిరీ దొరుకుతుంది, అప్పుడు చెప్పవచ్చు అనుకున్నాను. నిన్ను అక్కడే ఆపడానికి ఆ రుచి మార్కుల కబుర్లు చెప్పాను. డెయిరీ దొరకలేదు. జంట కావాలంటున్నారు అందరూ.

నువ్వు నిజంగా గెలిచిన ఏడాదిని నా చేతులతో తీసి గాల్లో పెట్టాను. గురువారం నాలుగు కన్నా తక్కువొస్తే ఆ తప్పు నాది. నీ పరదా గురించి కూడా అబద్ధమే రాశాను. ఆ కిటికీకి ఇప్పుడు ఏ పరదా ఉందో నాకు తెలియదు.

పరీక్ష ఎలా రాసినా సరే, తప్పినా సరే, చదువు మానకు. ఒప్పందం నేను రద్దు చేసుకుంటున్నాను.

మార్సియల్

—

బెజాన్సోన్,
10 సెప్టెంబరు

ప్రియమైన మార్సియల్,

ఆ కిటికీకి ఇప్పుడు పసుపు పరదా ఉంది. చిన్న చిన్న పువ్వులు.

నువ్వు రావద్దన్నావని నేను రాకుండా ఉంటానని ఎలా అనుకున్నావు? "అరువు మార్కులు" అన్నందుకు నీ ఎదురుగా నిలబడి నాలుగు దులుపుదామని ఆరో తారీకు బస్సే ఎక్కాను. డెయిరీ తలుపు తీసింది ఎవరో ముప్పై ఏళ్ల మనిషి, నా కొక్కేనికి తగిలించే ఏప్రన్ లాంటిదే కట్టుకుని. "ఎవరు కావాలండీ?" అంది. నా ఇంటి గుమ్మంలో నన్ను అడిగింది. పేరు చెప్పగానే మొహం మారిపోయింది. "యూనివర్సిటీ ఆవిడ మీరేనా? లోపలికి రండి, కాఫీ తాగండి" అంది. తాగాను. మంచి మనిషి. అంతా ఆవిడే చెప్పింది. బయటికొస్తుంటే మొన్యే ఎదురుపడి టోపీ తీశాడు. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ తీయలేదు.

పొంతార్లియే వచ్చాను. మాళిగ వదిలే వేళకి రోడ్డుకి అవతల నిలబడ్డాను. నువ్వు నలుగురితో పాటు బయటికొచ్చావు. చిక్కిపోయావు. వాళ్లు నవ్వుకుంటూ అటు పోయారు, నువ్వు ఒక్కడివే ఇటు నడిచావు. పిలుద్దామని నోరు తెరిచాను. పిలిస్తే ఏమయ్యేదో నాకు తెలుసు. నేను అరిచేదాన్ని, నువ్వు "ఊఁ" అనేవాడివి, ఆ "ఊఁ"తో అంతా మూసుకుపోయేది. నీ అంతట నువ్వు చెప్పాలి అనుకున్నాను. తిరుగు బస్సు ఎక్కాను.

పెట్టానని రాశాను గానీ నేను సంతకం పెట్టలేదు. ఆ కాగితం ముక్కలు చేసి కాలవలో పడేశాను. నేను జూన్‌లోనే పాసయ్యాను, పాసయ్యే ఉన్నాను. గురువారం నాకు ఏ పరీక్షా లేదు. నీకు పెట్టాను ఒకటి. రెండు ఉత్తరాల్లో అడిగాను, రెండుసార్లూ అవకాశమిచ్చాను. నువ్వు నీలం పరదా అని రాసినప్పుడు ఈ గదిలో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నీకు తెలియదు. ఒంటరితనమంటే ఆ మెట్ల హాలులో అటూ ఇటూ ఖాళీ సీట్లే అనుకున్నాను పోయిన ఏడాది. అదేమీ కాదు. నా మొగుడు నాకు అబద్ధం రాస్తున్నాడని తెలిసి, మళ్లీ అతని ఉత్తరం కోసమే రోజూ కిందికి దిగి పోస్టు డబ్బా చూసుకోవడం, అదీ ఒంటరితనం. ఆగస్టంతా అదే చేశాను.

నువ్వు చేసిన పనికి నాకు ఇంకా కోపంగానే ఉంది. ఒకటి మాత్రం ఈ వేసవంతా ఆలోచించాను. మార్చిలో నువ్వు ఉన్నదున్నట్టు రాసి ఉంటే నేను మర్నాడు మొదటి బస్సుకే వచ్చేసేదాన్ని. వచ్చి చక్రాలు తిప్పేదాన్ని, ఒక్క మాట కూడా అనేదాన్ని కాదు. కానీ నిన్ను జన్మలో క్షమించేదాన్ని కాదు. అది నీకు తెలుసు కనకే రాయలేదు. నీ మీద కోపం తెచ్చుకోబోయిన ప్రతిసారీ ఇదే అడ్డొస్తోంది.

ఒప్పందం రద్దు చేయడానికి నువ్వొక్కడివే ఎవరు? నేను గెలిచాను, నాకు రావాల్సింది నేను తీసుకుంటున్నాను. రెండో సంవత్సరానికి పేరు రాయించుకున్నాను. ఈసారి విద్యుత్తు రోజూ చదవాలి, నువ్వు ఏ ఉద్దేశంతో అన్నా ఆ మాట నిజమే.

హాస్టలులో ఇద్దరు ఉండకూడదు. నది అవతల బాటాన్ పేటలో, బట్టలుతికే కొట్టు పైన రెండు గదులు చూశాను. ఒకటో తారీకు నుంచి మనవి. మెట్లు ఇరుకు, వంటగదిలో ఇద్దరు పక్కపక్కన నిలబడలేరు. పొంతార్లియే నుంచి రైలు ఉంది. నీ పని మానమని అనను. కూలికి పనిచేసేవాళ్లకి ఆదివారం ఉంటుంది కదా. మన పెళ్లయ్యాక నీకు సెలవనేది రావడం ఇదే మొదటిసారి. దాన్ని లిలియాన్ వదిన సోఫాలో పడుకుని పాడుచేయకు.

ఇంటాయన తలుపు మీద పేరు ఏం రాయమంటారని అడిగాడు. ఇద్దరివీ చెప్పాను. రాసేశాడు. నువ్వు రాకపోతే ఒకటి నేనే గీకెయ్యాలి. ఆ పని నా చేత చేయించకు.

నీ
ఒడిల్